బీపీ ఎలుకలూ మన బీపీ: పాఠకుల ప్రశ్నలకి జవాబులు

పోయిన నెల బీపీ మందుల గురించి రాస్తూ "ఈ మందులన్నీ ముందు ఎలుకల మీద చూసినవే" అని ఒక్క మాట అన్నాను, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా ఆ మాట పట్టుకునే వచ్చాయి. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను, ఊరి పేర్లు ఉంచి మనుషుల పేర్లు తీసేశాను.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. మా నాన్నగారికి 63 ఏళ్ళు, చాలా ఏళ్ళుగా బీపీ టాబ్లెట్ మీద ఉన్నారు. ఈ మధ్య వాట్సాప్‌లో ఒక ఆకు పొడి ఎలుకల్లో బీపీ తగ్గించిందని, సైంటిస్టులు నిరూపించేశారని మెసేజ్ వచ్చింది. అందులో కిలోకి 200 మిల్లీగ్రాములు అని ఉంది, ఆయన బరువు 60 కిలోలు, అలా లెక్క కట్టుకుని రోజూ 12 గ్రాముల పొడి మజ్జిగలో కలుపుకుని తాగుతున్నారు, టాబ్లెట్ మానేశారు. నేను చెప్తే వినట్లేదు, మీరైనా చెప్పండి. (ఒక టీచర్, నంద్యాల)

జవాబు: అమ్మా, ముందు మీ డాక్టర్‌కి ఈ రోజే ఫోన్ చేసి టాబ్లెట్ ఎన్ని రోజుల నుంచి ఆపారో చెప్పి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో అడగండి, ఈ పేజీ తర్వాతైనా చదువుకోవచ్చు. బీపీ మందు మానేస్తే చాలామందికి ఏమీ తెలీదు, తలనొప్పి కూడా ఉండదు, పైగా "చూశావా, మానేసినా బాగానే ఉన్నాను" అనిపిస్తుంది, లోపల రక్తనాళాల మీద ఒత్తిడి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. కొన్ని రకాల బీపీ మందులైతే సడన్‌గా ఆపితే ముందున్నదానికంటే ఎక్కువకి ఎగబాకుతుంది.

ఇక నాన్నగారి లెక్క. ఎలుకకి కిలోకి ఇంత అన్నారు కదా అని మనిషి కిలోలతో గుణించకూడదు. చిన్న జంతువు ఒంట్లో అన్నీ స్పీడే, దాని గుండె నిమిషానికి 300, 400 సార్లు కొట్టుకుంటుంది, మందుని కూడా మనకంటే చాలా త్వరగా ఖర్చు చేసేస్తుంది, అందుకే దానికి కిలోకి ఎక్కువ మందు పడుతుంది. మనిషికి మార్చేటప్పుడు ఎలుక డోస్‌ని 6.2తో భాగించడం మందుల రంగంలో మామూలుగా వాడే లెక్క. అంటే 200 కాస్తా 32 అవుతుంది, 60 కిలోల మనిషికి మొత్తం దగ్గర దగ్గర 2 గ్రాములు. నాన్నగారు దానికి ఆరు రెట్లు తాగుతున్నారు. ఆ 2 గ్రాములు కూడా తాగమని కాదు, కొత్త మందుని మొదటిసారి మనుషులకి ఇచ్చేటప్పుడు ఇలా వచ్చిన అంకెని మళ్ళీ పదో వంతుకి తగ్గించి మొదలుపెడతారు, అంత జాగ్రత్తగా ఉంటారు. ఇంకోటి, ల్యాబ్‌లో ఇచ్చేది చాలాసార్లు ఆకు నుంచి ఆల్కహాల్‌తోనో నీళ్ళతోనో తీసిన ఎక్స్‌ట్రాక్ట్, మిక్సీలో పట్టిన పొడి కాదు, రెండిటికీ పోలిక లేదు.

నన్నడిగితే ఇంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న, అది ఏ ఎలుక? ఇలాంటి స్టడీల్లో కొన్నిట్లో ఏం చేస్తారంటే, మామూలు ఎలుకకి ఒక కెమికల్ ఇచ్చి కొన్ని వారాల్లో బీపీ పెరిగేలా చేస్తారు, అదే రోజుల్లో ఇంకో గుంపుకి కెమికల్‌తో పాటు ఆకు మందు కూడా ఇస్తారు, ఆ గుంపులో బీపీ అంత పెరగలేదని రాస్తారు. అది తప్పు కాదు, కానీ దాంతో తెలిసేది ఆ కెమికల్ చేసే పనిని ఈ ఆకు కొంత అడ్డుకుందని మాత్రమే. ఏళ్ళ తరబడి బీపీ ఉండి రక్తనాళాలు గట్టిపడిన 63 ఏళ్ళ మనిషిలో ఏం జరుగుతుందో ఆ ప్రయోగం అడగనే లేదు, అడగని ప్రశ్నకి జవాబు ఎక్కడి నుంచి వస్తుంది?

ఆకులూ వేర్లూ పనికిరావని నేను అనట్లేదు. సర్పగంధి వేరు సంగతి చూడండి, మన దేశంలో వందల ఏళ్ళుగా వాడుతున్నదే, బొంబాయిలో డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ గారు దాన్ని 50 మంది బీపీ పేషెంట్లకి ఇచ్చి, వాళ్ళ బీపీ కొలిచి, 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు, ఆ తర్వాతే ప్రపంచం దానివైపు చూసింది. 1952లో దాంట్లోంచి రెసర్పిన్ విడదీశారు, చాలా ఏళ్ళు అది ముఖ్యమైన బీపీ మందు. నాన్నగారికి ఇది చెప్పండి, ఒక వేరుకి ఆ గౌరవం వచ్చింది మనుషుల్లో కొలిచి చూశాకే.

ప్రశ్న: సార్, నేను బీఎస్సీ జువాలజీ సెకండ్ ఇయర్. ఎలుకలకి బీపీ ఎలా వస్తుంది? వాటికి ఉద్యోగం టెన్షన్లు, ఉప్పు పచ్చళ్ళు ఏమీ ఉండవు కదా. (వరంగల్)

జవాబు: మంచి ప్రశ్న బాబూ. మామూలు ఎలుకకి పై బీపీ మనలాగే 120 దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని పెంచడానికి ఒక దారి లేదు, చాలా ఉన్నాయి, ఆ తేడాల్లోనే అసలు విషయమంతా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ వాడేది జపాన్ ఎలుక. క్యోటో యూనివర్సిటీలో కొజో ఒకమోటో, క్యూజో అయోకి అని ఇద్దరు, వాళ్ళ దగ్గర విస్టార్ జాతి ఎలుకలు ఉండేవి, వాటిలో బీపీ బాగా ఎక్కువున్న ఒక మగదాన్ని, కొంచెం ఎక్కువున్న ఒక ఆడదాన్ని జత కట్టించారు, పుట్టిన పిల్లల్లో మళ్ళీ బీపీ ఎక్కువున్నవాటినే ఏరి అన్నాచెల్లెళ్ళనే జత కట్టిస్తూ పోయారు, కొన్ని తరాలు తిరిగేసరికి పుట్టిన ప్రతి పిల్లకీ బీపీయే. 1963లో దీని గురించి రాశారు. దీన్ని ఎస్‌హెచ్ఆర్ (స్పాంటేనియస్లీ హైపర్‌టెన్సివ్ ర్యాట్, అంటే దానంతటదే బీపీ వచ్చే ఎలుక) అంటారు. ఉప్పు ఎక్కువ పెట్టక్కర్లేదు, ఆపరేషన్ అక్కర్లేదు, ఐదారు వారాల వయసు నుంచి బీపీ ఎక్కడం మొదలై పెద్దయ్యేసరికి 180, 200 అలా ఉంటుంది. దీంట్లోంచే పక్షవాతం వచ్చే ఎలుకలని మళ్ళీ ఏరి 1974లో ఇంకో స్ట్రెయిన్ (ఒకే వంశం ఎలుకలు) తీశారు, ఎస్‌హెచ్ఆర్‌ఎస్‌పీ అని, వాటిలో ఎక్కువ శాతం మెదడులో రక్తస్రావమో, రక్తం అందకపోవడమో జరిగే చనిపోతాయి.

ఆపరేషన్ దారి దీనికంటే పాతది. 1934లో అమెరికాలో క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ అనే ఆయన కుక్కల్లో కిడ్నీకి వెళ్ళే రక్తనాళాన్ని చిన్న క్లిప్‌తో నొక్కితే బీపీ పెరుగుతుందని చూపించారు, తర్వాత అదే పని ఎలుకల్లో చేయడం మొదలైంది. కిడ్నీకి రక్తం తగ్గితే అది రెనిన్ అనే ఎంజైమ్ వదులుతుంది, దాంతో యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ తయారవుతుంది, అది రక్తనాళాలని బిగిస్తుంది. ఈ రోజు మన ఇళ్ళల్లో ఉండే టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్ అన్నీ ఈ గొలుసుని ఎక్కడో ఒక చోట తెంపేవే. పదో క్లాసు పాస్ కానివాళ్ళు కూడా "నాది టెల్మా 40" అని చెప్తారు, దాని వెనక ఇంత కథ ఉంది.

ఇంకా అడ్రినల్ హార్మోన్ లాంటి మందు ఇచ్చి ఉప్పు నీళ్ళు తాగించేది ఒకటి, రెనిన్ జీన్‌ని ఎలిక నుంచి తీసి ఎలుకలో పెట్టి 1990లో తయారుచేసింది ఒకటి. అక్కడ నేను ఎలిక అన్నది చిన్నదాన్ని, ఎలుక అన్నది పెద్దదాన్ని, ల్యాబ్‌లో ఆ రెండూ వేరు వేరు జంతువులు. నువ్వు ఎమ్మెస్సీకి వెళ్తే ఏ ప్రయోగం చదివినా ముందు మెథడ్స్ తీసి ఏ స్ట్రెయినో చూడు, అబ్‌స్ట్రాక్ట్ తర్వాత.

ప్రశ్న: ఉప్పు తగ్గించమంటే మా అత్తగారు "నేను యాభై ఏళ్ళ నుంచి ఆవకాయ తింటున్నాను, నాకు బీపీ లేదు" అంటారు. మా ఆయనకి 38కే వచ్చింది, తినేది అదే ఇంట్లో అదే అన్నం. ఉప్పుకీ బీపీకీ సంబంధం ఉన్నట్టా లేనట్టా? (ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: అమ్మా, మీ అత్తగారూ అబద్ధం చెప్పట్లేదు, మీ డాక్టరూ అబద్ధం చెప్పట్లేదు. ఇదే సంగతిని న్యూయార్క్ దగ్గర బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో లూయిస్ డాల్ అనే డాక్టర్ ఎలుకల్లో తేల్చారు, నాకు ఈ రంగం మొత్తంలో ఎక్కువ ఇష్టమైన పని అది.

ఆయన మామూలు ఎలుకలకి బాగా ఉప్పు వేసిన తిండి పెట్టి చూస్తే కొన్నిటికి బీపీ బాగా పెరిగింది, కొన్నిటికి ఏమీ కాలేదు, మిగతావి మధ్యలో. బాగా పెరిగినవాటిని వాటిలో వాటికీ, పెరగనివాటిని వాటిలో వాటికీ జత కట్టిస్తూ పోతే మూడు నాలుగు తరాల్లోనే రెండు గుంపులు విడిపోయాయి. ఇది 1962 నాటి మాట. ఒక గుంపుకి 8 శాతం ఉప్పున్న తిండి పెడితే వారాల్లో బీపీ పెరిగి కిడ్నీలు పాడై చచ్చిపోతాయి, రెండో గుంపు అదే తిండి తిని బీపీ పెద్దగా కదలకుండా ఉంటుంది. తిండి ఒకటే, గది ఒకటే, పుట్టుక వేరు. మీ ఇంట్లో అత్తగారు ఒక గుంపు, మీ ఆయన ఇంకో గుంపు అయ్యుండొచ్చు.

అక్కడితో ఆగలేదు ఆయన. 1974లో ఆయన టీం ఈ రెండు గుంపుల మధ్య కిడ్నీలు మార్చి చూసింది. ఉప్పు పడని ఎలుక కిడ్నీ తీసి ఉప్పు తట్టుకునే ఎలుకకి పెడితే దానికి బీపీ పెరిగింది, తట్టుకునే ఎలుక కిడ్నీ పెట్టించుకున్న ఉప్పు పడని ఎలుకకి బీపీ తగ్గింది. కిడ్నీ ఎక్కడికి వెళ్తే బీపీ అక్కడికి వెళ్ళింది! 1983లో మనుషుల్లో కూడా ఇలాంటిదే ఒకటి వచ్చింది, బీపీ వల్లే కిడ్నీలు పోయిన ఆరుగురికి బీపీ లేని దాతల కిడ్నీలు పెడితే ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళ బీపీ నార్మల్‌గా ఉంది. ఆరుగురే, చిన్న సంఖ్య, కానీ ఎలుకల్లో చూసింది మనిషిలో కూడా కనపడటం ఈ రంగంలో తరచుగా జరగదు, అందుకే ఇంత చెప్తున్నాను.

అయితే ఒక జాగ్రత్త. ఆ 8 శాతం అంటే చిన్న మాట కాదు, 300 గ్రాముల ఎలుక రోజుకి 20 గ్రాముల తిండి తింటే అందులో 1.6 గ్రాముల ఉప్పు, పైన చెప్పిన 6.2 లెక్క వేసినా కూడా 60 కిలోల మనిషికి రోజుకి 50 గ్రాముల పైమాటే. ఎంత ఆవకాయ ప్రేమికులైనా అంత తినలేరు. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అంటే అన్నీ కలిపి ఒక టీస్పూన్, పప్పులో, కూరలో, పచ్చడిలో, అప్పడంలో, చల్లమిరపకాయలో ఉన్నదంతా కలిపి. కాబట్టి ఎలుకలు చెప్పింది "ఉప్పు అందరికీ ఒకేలా పని చేయదు, దాని తాళం కిడ్నీలో ఉంది" అని, ఎన్ని గ్రాములు అనేది మనుషుల స్టడీల నుంచే తీసుకోవాలి.

ఇంకో ముక్క కూడా మీకు పనికొస్తుంది. మినెసోటాలో లూయిస్ టోబియన్ అనే డాక్టర్ 1980ల్లో బీపీ ఎలుకలకి పొటాషియం ఎక్కువ పెడితే బీపీ పెద్దగా తగ్గకపోయినా మెదడులో రక్తస్రావాలు, చావులు బాగా తగ్గాయని చూపించారు. చాలా ఏళ్ళ తర్వాత చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21,000 మందితో ఒక పెద్ద ట్రయల్ చేశారు, సగం పల్లెలకి మామూలు ఉప్పు, సగం పల్లెలకి నాలుగో వంతు పొటాషియం ఉప్పు కలిపింది ఇచ్చారు, దగ్గర దగ్గర ఐదేళ్ళు చూశారు. 2021లో వచ్చిన ఫలితం, పొటాషియం కలిపినది వాడినవాళ్ళలో పక్షవాతం 14 శాతం తక్కువ. మన దగ్గర లో సోడియం ఉప్పు పేరుతో షాపుల్లో దొరికేవాటిలో చాలావరకు ఇలాంటివే. కానీ కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టెల్మిసార్టన్, ఎనలాప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటివి వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ఇది కొనొద్దు, రక్తంలో పొటాషియం పెరిగితే గుండె కొట్టుకోవడమే దెబ్బతింటుంది. మీ ఆయన ఏ టాబ్లెట్ వాడుతున్నారో రాయలేదు, చూసుకోండి.

ప్రశ్న: సార్ నేను ఎం.ఫార్మసీ, ప్రాజెక్టులో ఎస్‌హెచ్ఆర్ వాడుతున్నాం. పోల్చి చూడటానికి కంట్రోల్‌గా పెట్టే డబ్ల్యూకేవై (బీపీ లేని విస్టార్ క్యోటో ఎలుక) దొరకట్లేదు, మా యానిమల్ హౌస్‌లో ఉన్న మామూలు విస్టార్ పెట్టేద్దాం అంటున్నారు. ఫర్వాలేదా? (గుంటూరు)

జవాబు: మందు ఇచ్చిన ఎస్‌హెచ్ఆర్‌ని, మందు ఇవ్వని ఎస్‌హెచ్ఆర్‌తో పోల్చడమే మీ ప్రాజెక్టులో అసలు పోలిక అయితే, విస్టార్‌ని నార్మల్ బీపీ ఎంతో చూపించడానికి పెట్టుకోవచ్చు, ఆ సంగతి థీసిస్‌లో దాచకుండా రాయండి. కానీ "ఎస్‌హెచ్ఆర్‌లో ఫలానా ప్రోటీన్ ఎక్కువుంది, అందుకే బీపీ వస్తోంది" అని రాయాలంటే మాత్రం వీల్లేదు, డబ్ల్యూకేవై పెట్టినా కూడా వీల్లేదు.

ఎందుకంటే ఎస్‌హెచ్ఆర్‌ని అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ళు 1960ల్లోనే తెచ్చుకున్నారు, దానికి జోడీగా డబ్ల్యూకేవైని మాత్రం 1971లో క్యోటో కాలనీ నుంచి తీసుకున్నారు, అది పూర్తిగా ఇన్‌బ్రెడ్ (తరతరాలు తోబుట్టువులనే జత కట్టించి అన్నిటి జీన్స్ ఒకేలా చేసినది) అవ్వకముందే కంపెనీలకీ యూనివర్సిటీలకీ పంచేశారు. దాంతో ఒక చోటి డబ్ల్యూకేవైకీ ఇంకో చోటి డబ్ల్యూకేవైకీ జీన్స్‌లో తేడాలు వచ్చాయని 1987లోనే తేలింది. పేరు ఒకటే, జంతువు ఒకటి కాదు. ఎస్‌హెచ్ఆర్‌లో కూడా అంతే, 1999లో దాంట్లో సీడీ36 అనే జీన్ చెడిపోయి ఉందని, అందుకే దానికి ఇన్సులిన్ సరిగ్గా పని చేయట్లేదని చాలా పెద్ద వార్త వచ్చింది, అదే సంవత్సరం ఇంకో టీం జపాన్‌లో ఉన్న అసలు ఎస్‌హెచ్ఆర్‌ని చూస్తే ఆ లోపమే లేదు, బీపీ మాత్రం ఉంది. అంటే అది మధ్యలో ఎక్కడో ఒక శాఖలో వచ్చిన మార్పు, బీపీకి మూలం కాదు.

ఇన్‌బ్రెడ్ స్ట్రెయిన్ అంటే నా దృష్టిలో ఒకే పేషెంట్‌కి తీసిన వంద జిరాక్స్ కాపీలు. మీరు 40 ఎస్‌హెచ్ఆర్‌ల మీద చేసినా జీన్స్ పరంగా ఒక్క పేషెంట్‌నే 40 సార్లు చూసినట్టు. మన బీపీ వందల జీన్స్, తిండి, నిద్ర, వయసు అన్నీ కలిసి వచ్చేది. అందుకే వీలైతే ఒకే ఫలితాన్ని రెండు వేరు వేరు మోడళ్ళలో చూడండి, ఆడ ఎలుకలని కూడా పెట్టండి, ఎప్పుడూ మగవాటి మీదే చేసి ఆడవాళ్ళకి కూడా మందు రాసేస్తున్నాం మనం, ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. ఎలుకలు ఎక్కడి నుంచి కొన్నారో, సబ్‌స్ట్రెయిన్ పేరేంటో థీసిస్‌లో పూర్తిగా రాయండి, సినాప్సిస్‌లో చోటు లేకపోతే అనెక్చర్‌లో అయినా.

ప్రశ్న: ఇన్ని మూగజీవాలని చంపి సాధించింది ఏంటి? కంప్యూటర్లు వచ్చిన ఈ రోజుల్లో కూడా ఇది అవసరమా? (ఒక రిటైర్డ్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: సాధించింది ఉందండీ. పైన చెప్పిన కిడ్నీ సంగతి కంప్యూటర్‌కి ముందు ఎవరో చెప్తేనే కదా తెలిసేది. బీపీ ఒక అవయవంలో ఉండేది కాదు, గుండె, కిడ్నీ, నరాలు, రక్తనాళాలు, హార్మోన్లు అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటే వచ్చేది, గాజు గిన్నెలో పెంచిన కణాలకి బీపీ ఉండదు.

కానీ మీ బాధలో న్యాయం ఉంది, నేను దాన్ని పక్కన పెట్టను. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం వేసిన కమిటీ ఉంది, జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి సంస్థా అక్కడ రిజిస్టర్ అవ్వాలి, ప్రతి చోటా ఎథికల్ కమిటీ ఉండాలి, ఎన్ని జంతువులు, ఎందుకు, నొప్పి తెలీకుండా ఏం చేస్తారు అన్నీ ముందే రాసి అనుమతి తీసుకోవాలి. వీలైతే జంతువు లేకుండా చేయి, లేదంటే సంఖ్య తగ్గించు, నొప్పి తగ్గించు అని రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో చెప్పిన సూత్రమే ఇప్పటికీ పునాది. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో విస్టార్ ఎలుకల కాలనీని 1920 నుంచి, అంటే ఆ సంస్థ కూనూరులో ఉన్నప్పటి నుంచి కాపాడుకుంటూ వచ్చారు, అందులోనే 1996లో వాటంతట అవే లావైపోయే ఎలుకలు కనపడ్డాయి, ఊబకాయం పరిశోధనకి అవి మన హైదరాబాద్ ఎలుకలు. అంత కాలం ఒక కాలనీని జబ్బుల్లేకుండా, రికార్డులు తప్పకుండా నడపడం అంటే ఎంత శ్రద్ధ కావాలో చూడండి.

నాకు కోపం వచ్చేది జంతువులని వాడినందుకు కాదు, వాడి వృథా చేసినందుకు. పక్షవాతం వచ్చాక మెదడుని కాపాడుతుందని ఎన్‌ఎక్స్‌వై 059 అనే మందుని జంతువుల్లో చూసి చాలా ఆశ పెట్టుకున్నారు, మూడు వేల మందికి పైగా పేషెంట్లలో చేసిన ట్రయల్‌లో 2007లో అది పని చేయలేదని తేలింది. తర్వాత పాత జంతు ప్రయోగాలన్నీ తిరగేస్తే, ఏ ఎలుకకి ఏ మందు వెళ్ళాలో లాటరీలాగా పంచి, కొలిచేవాళ్ళకి అది తెలీకుండా దాచిన స్టడీల్లో ఆ మందు లాభం తక్కువగా కనపడింది, అలా చేయని స్టడీల్లో ఎక్కువగా కనపడింది. ఆ జాగ్రత్తకి పెద్ద ఖర్చు కూడా లేదు. అది పాటించని ప్రయోగంలో చచ్చిన ఎలుక ఎవరికీ ఉపయోగపడలేదు, అలాంటి ప్రయోగానికి ఎథికల్ కమిటీలు సంతకం పెట్టకూడదు అని నేను గట్టిగా నమ్ముతాను.

ప్రశ్న: నాకు హాస్పిటల్లో చూస్తే 160, ఇంట్లో చూస్తే 130. ఏది నిజం? ఎలుకలకి కూడా బీపీ చూస్తారంటున్నారు, అవి కుదురుగా కూర్చుంటాయా? (కాకినాడ)

జవాబు: కూర్చోవండీ! ఎలుకకి తోకకి పట్టీ చుట్టి చూస్తారు, దానికోసం దాన్ని ఒక గొట్టంలాంటి దాంట్లో పెట్టి, తోకలో రక్తం బాగా ఆడటానికి వెచ్చగా ఉంచుతారు. కొత్తగా పెట్టిన ఎలుక భయపడిపోతుంది, బీపీ ఎక్కువ చూపిస్తుంది, అందుకే కొన్ని రోజులు ఊరికే అలా పెట్టి అలవాటు చేశాకే అంకెలు రాసుకోవాలి. ఇంకా మంచి పద్ధతి, చిన్న ఆపరేషన్ చేసి పొట్టలో పెద్ద రక్తనాళంలోకి సన్నటి గొట్టం పెట్టి రేడియో పరికరం అమరుస్తారు, ఎలుక తన బోనులో తిరుగుతూ తింటూ నిద్రపోతూ ఉంటే రాత్రీ పగలూ బీపీ దానంతటదే వస్తూంటుంది. మనుషుల్లో 24 గంటలు చేతికి మిషన్ కట్టి చూసేది దీనికి దగ్గరగా ఉంటుంది, మీ తేడా చూస్తే మీ డాక్టర్‌ని దాని గురించి అడగడం మంచిది.

ఇంట్లో చూసుకునేటప్పుడు కాఫీ, సిగరెట్ అరగంట ముందే ఆపండి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి, కాళ్ళు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వద్దు, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టండి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాసుకోండి. పొద్దున టాబ్లెట్ వేసుకోకముందు, సాయంత్రం అన్నం తినకముందు, ఇలా ఒక వారం. ఇంటి అంకెల్లో సగటు 135/85 దాటితే అది బీపీయే, మీది 130 అంటున్నారు కాబట్టి కింది అంకె కూడా రాసుకుని ఆ కాగితం, మీ ఇంటి మిషన్ రెండూ హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి, అక్కడి మిషన్‌తో పక్క పక్కనే పెట్టి పోల్చమనండి.